గోరువెచ్చని నీళ్లంటే ఎంత వేడి?

పిల్లలూ, మీలో చాలామందిలాగే మేమూ కొన్నేళ్లకోసారి ఊరు మారేవాళ్లమే. షిల్లాంగ్‌లో ఉన్నప్పుడు క్వార్టర్స్‌లో పక్కింటి ఆంటీ మాకు ఇంట్లో బన్నులు చేయడం నేర్పారు. అర కిలో మైదాకి ఆవిడ లెక్క ఇది: ఒక చిన్న గ్లాసు మరిగిన నీళ్లు, రెండు చిన్న గ్లాసుల కుళాయి నీళ్లు కలపాలి. అందులో రెండు చెంచాల పంచదార, రెండు చెంచాల ఈస్ట్ వేసి మూత పెట్టాలి. పది నిమిషాలకు పైన నురగ కట్టేది. రెండు చలికాలాలు అలాగే చేశాం. ఒక్కసారీ తప్పలేదు.

తర్వాత మే నెలలో విశాఖపట్నం వచ్చాం. ఆ వారమే మా పాప ఐదో పుట్టినరోజు. కొత్త ఊళ్లో పరిచయమైన ముగ్గురు పిల్లల్ని "మా ఇంట్లో బన్నులు చేస్తారు, రండి" అని తనే పిలిచేసింది. మేము పాత లెక్క ప్రకారమే నీళ్లు కలిపాం. హడావిడిలో నురగ కోసం చూడకుండా పిండిలో పోసేశాం. రెండు గంటలైనా పిండి పొంగలేదు. కాల్చినవి ఇటుకముక్కల్లా వచ్చాయి. పాపం, ఆ పిల్లలు పైనున్న జామ్ తిని బన్ను పక్కన పెట్టారు. పాప ఏమీ అనలేదు, కానీ ఆ పూట మాతో మాట్లాడలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసి చూశాం. ముందు ఈస్ట్ సంగతి తెలుసుకుందాం. డబ్బాలో ఇసుకరేణువుల్లా కనిపించేది పొడి కాదు, ప్రాణి. అది ఒంటికణపు శిలీంధ్రం, పుట్టగొడుగులకు దూరపు చుట్టం. ఒక గ్రాములో వందల కోట్ల కణాలుంటాయి. నీరు తీసేసి ఎండబెట్టడం వల్ల అవి నిద్రలో ఉంటాయి. వెచ్చని నీరు తగిలితే కణాల గోడలు మళ్లీ నీరు పీల్చుకుని మేలుకుంటాయి. మేలుకోగానే వాటికి తిండి కావాలి. పంచదారను ముందు గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టుకుని తింటాయి. తిన్నాక కార్బన్ డయాక్సైడునూ, కొద్దిగా ఆల్కహాలునూ వదులుతాయి. దీన్నే సైన్సు పుస్తకంలో కిణ్వనం అంటారు. ఇది జీవకణాలు చేసే పని అని 1857 తర్వాత లూయీ పాశ్చర్ తన ప్రయోగాలతో చూపించాడు. మనకు కనిపించే నురగ ఆ వాయువే. పిండిలో చిక్కుకుని బన్నుని పొంగించేదీ అదే.

ఎండిన ఈస్ట్ బాగా మేలుకోవాలంటే నీళ్లు 38 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మరీ చల్లని నీళ్లలో కణాలు సరిగ్గా కోలుకోక, లోపలి పదార్థం బయటికి కారిపోతుంది. 50 దాటితే దెబ్బతింటాయి. 60 దగ్గరకు వస్తే చచ్చిపోతాయి.

ఇప్పుడు మా లెక్క చూడండి. షిల్లాంగ్ దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో నీళ్లు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి. చలికాలంలో కుళాయి నీళ్లు 12 డిగ్రీలనుకుందాం. 95కి రెండు పన్నెండ్లు కలిపితే 119. మూడుతో భాగిస్తే దాదాపు 40. ఆంటీ చేతిలో థర్మామీటరు లేదు గాని లెక్క సరిగ్గా కుదిరింది!

విశాఖలో నీళ్లు దాదాపు 100 దగ్గర మరుగుతాయి. మే నెల ఎండకు మేడమీది ట్యాంకు నీళ్లు 35 డిగ్రీలకు చేరాయనుకోండి. 100కి 70 కలిపి మూడుతో భాగిస్తే 56 దాటింది. గ్లాసు కొంత వేడి లాక్కున్నా ఈస్ట్‌కి అది ఎక్కువే. అంటే మేము ఈస్ట్‌ని మేలుకొలపలేదు, ఉడకబెట్టాం. అక్కడ తొమ్మిది గ్లాసుల ట్యాంకు నీళ్లకు ఒక గ్లాసు మరిగిన నీళ్లు చాలు. ఎండ మండే రోజుల్లో అదీ అక్కర్లేకపోవచ్చు.

వేలు పెట్టి చూస్తే సరిపోదా అంటారేమో. చలికి కొంకర్లు పోయిన వేలికి 30 డిగ్రీల నీళ్లూ వేడిగానే అనిపిస్తాయి. అందుకే మేము 200 రూపాయలు పెట్టి వంట థర్మామీటరు కొన్నాం. అది లేకపోయినా నురగ ఉంది. పది నిమిషాల్లో పైన మందంగా నురగ కట్టి, పులిసిన వాసన వస్తే ఈస్ట్ బతికి ఉన్నట్టు. నాలుగు బుడగలే కనిపిస్తే ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే పారబోయండి. పోయేది రెండు చెంచాల ఈస్టే, అర కిలో మైదా కాదు. (మరిగిన నీళ్ల పని పెద్దవాళ్లకు వదిలేయండి.)

ఉప్పుని మాత్రం ఈ నీళ్లలో వేయకండి, పిండిలో కలపండి. ఉప్పు కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. పంచదార మరీ ఎక్కువైనా అంతే. నీళ్లకు బదులు పాలు వాడినా పంచదార వేయాల్సిందే, ఎందుకంటే పాలలోని చక్కెర అయిన లాక్టోజును ఈ ఈస్ట్ తినలేదు. "ఇన్‌స్టంట్" అని రాసి ఉన్న ఈస్ట్‌ని నేరుగా పిండిలో కలపొచ్చు. డబ్బా పాతదైతే దాన్నీ ఇలా పరీక్షించడం మంచిది.

మా అమ్మ ఫోన్లో ఇదంతా విని, "మన ఇడ్లీ పిండికి ఇన్ని తిప్పలు లేవు కదా!" అంది. ఇడ్లీ పిండిని పులియబెట్టేవి ముఖ్యంగా మినపప్పుతో వచ్చే బాక్టీరియాలు. బయటినుంచి ఏదీ వేయనక్కర్లేదు. కానీ షిల్లాంగ్ చలిలో అవీ మొరాయించేవి. పిండి గిన్నెను దుప్పట్లో చుట్టి పడుకోబెట్టేవాళ్లం.

ఈ ఏడాది మళ్లీ బదిలీ వచ్చింది. ఈస్ట్ డబ్బాను లారీ సామానులో వేయలేదు. ఎండాకాలం లారీలో నాలుగు రోజులుంటే అది నీళ్లు చూడకముందే నీరసించిపోతుంది. గట్టిగా మూత బిగించి చేతిసంచిలో పెట్టుకున్నాం. కొత్త ఇంట్లో గ్యాస్ కనెక్షన్ వచ్చిన రోజే గ్లాసులో కొంచెం కలిపి చూశాం. పాపే గడియారం పట్టుకుని కూర్చుంది. ఎనిమిదో నిమిషానికి నురగ వచ్చింది.