నల్లరేగడి మళ్లీ నీళ్లు తాగాలంటే

ఎండాకాలం తుళ్లూరు మెట్టపొలాల్లో నడిచేటప్పుడు కిందికి చూసుకుని అడుగేయాలి, నెర్రెల్లో కాలు దిగబడుతుంది. నల్లరేగడి గుణమే అంత. ఎండితే ముడుచుకుని నోళ్లు తెరుస్తుంది, తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది. తొలి వానల్ని ఆ నెర్రెలే గటగటా తాగేస్తాయి. నాలుగు వానలు పడ్డాక మన్ను ఉబ్బి అవి పూడిపోతాయి. ఆ తర్వాత కురిసిన గట్టి వానకు లోపలికి దిగే దారి ఉండదు. పొలంగట్టు దాటి కాలవలోకి, అక్కడి నుంచి వాగులోకి పోతుంది. లాం దగ్గర కొండవీటి వాగు పొంగిందనీ, పెదపరిమి దగ్గర కోటేళ్లవాగు రోడ్డెక్కి గుంటూరు రాకపోకలు ఆగిపోయాయనీ వానాకాలంలో వినే వార్తల వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. అదే పొలం సంక్రాంతి దాటేసరికి తడి కోసం మొహంవాచి ఉంటుంది.

మన్నులో జీవం ఉంటే సంగతి వేరుగా ఉంటుంది. మొక్క ఆకుల్లో తయారుచేసుకున్న పిండిపదార్థంలో కొంత భాగాన్ని వేళ్ల ద్వారా మట్టిలోకి వదులుతుంది. దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు, శిలీంధ్రాలు ఒకరకం జిగురును స్రవిస్తాయి. ఆ జిగురు మెత్తటి మట్టి రేణువుల్ని చిన్నచిన్న ఉండలుగా కట్టి ఉంచుతుంది. ఉండకీ ఉండకీ మధ్య మిగిలే సందుల్లోంచే గాలి ఆడుతుంది, నీరు దిగుతుంది. పచ్చని వేరు లేని నేలలో ఈ జీవులకు తిండి ఉండదు. పత్తి, మిరప కోతలయ్యాక కట్టె పీకి తగలబెట్టి, వేసవి నుంచి తొలకరి దాకా చేను బోడిగా వదిలేయడం మన మైదానంలో ఏనాటి నుంచో ఉన్న అలవాటు. ఏటా ఇన్ని నెలలు నేలను పస్తు పెడుతున్నామన్నమాట.

చేను మీది జీవాన్ని చంపిన పురుగుమందుల కథ కూడా ఇక్కడే కలుస్తుంది. 1980ల మొదట్లో వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్లు కాయతొలుచు పురుగుతో పాటు తెల్లదోమను అదుపులో ఉంచే మిత్రపురుగుల్నీ చంపేశాయి. ఆ దశకం మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో ప్రకాశం జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. పంట మారినా ఆ పాఠం పాతబడలేదు. 2021లో మిరపతోటల్లో నల్ల తామరపురుగు పూతలో చేరినప్పుడు మందు మీద మందు కొట్టి, చివరికి తోటలు పీకేసిన రైతులు మన కళ్లముందే ఉన్నారు.

ఇంత దెబ్బతిన్న నేలను బాగుచేయడానికి ఏం చేయాలో శాస్త్రానికి చాలావరకు తెలుసు. ఆ పని ఎవరు చేయాలి, ఎన్నేళ్లు చేయాలి, ప్రాజెక్టు డబ్బు ఆగిపోయాక దాన్ని ఎవరు మోయాలి అన్నవే అసలు చిక్కు ప్రశ్నలు. వీటికి మన దగ్గరే రెండు పెద్ద ప్రయోగాలు జరిగాయి. రెండూ జనాన్ని భాగస్వాములుగా చేసుకున్నవే. ఒకటి నీటి గురించి, ఒకటి నేల గురించి.

నీటి ప్రయోగానికి మూలం ఒక పాత పథకంలో ఉంది. నెదర్లాండ్స్ సాయంతో 1995లో మొదలైన ఏపీవెల్, ప్రకాశంతో సహా ఏడు కరువు జిల్లాల్లో సన్నకారు రైతులకు ఉమ్మడి బోర్లు వేయించింది. బోర్లు పెరిగేకొద్దీ భూగర్భజలం అడుగంటే భయం పట్టుకుంది. 2003లో అవే జిల్లాల్లో మరో పథకం వచ్చింది, పేరు రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థలు. బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ముందుండి నడిపింది, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడైంది. ఇది ఒక్క బోరూ వేయలేదు, ఎవరికీ రాయితీ ఇవ్వలేదు. చేతికి కొలతలు ఇచ్చింది. ఊళ్లో వానమాపకం పెట్టారు. పదిహేను రోజులకోసారి రైతులే బోరులోకి టేపు దించి నీటిమట్టం చూశారు. డ్రమ్మూ గడియారమూ పట్టుకుని బోరు ఎంత పోస్తోందో లెక్కగట్టారు. రబీకి ముందు ఒకే వాగు పరీవాహక పల్లెలన్నీ ఒకచోట కూర్చునేవి. కురిసిన వాన ఎంత, ఇంకింది ఎంత, వేయాలనుకున్న పంటలకు కావాల్సింది ఎంత అన్నది గోడమీద అందరికీ కనిపించేలా రాసేవారు. లోటు తేలితే ఏం చేయాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది. వరి మానమని ఆంక్ష పెట్టలేదు. ఆరువందలకు పైగా పల్లెల్లో సాగిన ఈ పనిని 2010లో ప్రపంచ బ్యాంకు తన నివేదికలో ప్రత్యేకంగా మెచ్చుకుంది.

తర్వాత అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ నడిపే ఐడబ్ల్యూఎంఐ-టాటా కార్యక్రమం పరిశోధకులు ఆ పల్లెలకు మళ్లీ వెళ్లి చూసి, ప్రచారమైనంత మార్పు కనిపించలేదని రాశారు. ఈ రెండు నివేదికల్నీ పక్కపక్కన పెట్టి చదవాలని నా అభిప్రాయం. కొలిచే చదువు రైతుకు అబ్బింది, అది చిన్న సంగతి కాదు. కానీ కొలతల్ని నడిపే కమిటీలు ఆ పథకం కోసమే పుట్టాయి. అలా పుట్టిన కమిటీకి పథకం ఆయువే తన ఆయువవుతుంది.

నేల ప్రయోగం వేరే పునాది మీద లేచింది. పురుగుమందు అమ్మే కొట్టే అప్పిచ్చే చోటు కూడా అయితే, రైతు ఏ మందు కొట్టాలో ఆ కొట్టే చెబుతుంది. ఈ ముడి విప్పనిదే పొలంలో ఏ మార్పూ నిలవదు. 2000ల తొలి ఏళ్లలో ఖమ్మం జిల్లా పునుకులలో పత్తి రైతులు వేపకషాయాలతో మందులకు స్వస్తి చెప్పినప్పుడు పొదుపు సంఘాల ఆడవాళ్లే ముందు నిలబడ్డారు. ఇంటి అప్పు ఎంతో, మందు కొట్టిన సాయంత్రం మగవాడు ఎలా ఇంటికొచ్చాడో చూసింది వాళ్లే కదా. ఆ అనుభవాన్ని గ్రామీణ పేదరిక నిర్మూలన కోసం ప్రభుత్వం నడిపే సెర్ప్ సంస్థ అందిపుచ్చుకుంది. మహిళా సమాఖ్యల ద్వారా పురుగుమందులు లేని సేద్యాన్ని రాష్ట్రమంతా విస్తరించింది. సంఘాలకు అప్పటికే బ్యాంకు ఖాతా, లెక్కల పుస్తకం, నెలవారీ సమావేశం, ఒకరి మాట ఒకరు వినే అలవాటు ఉన్నాయి. కొత్తగా కమిటీ వేయాల్సిన పని రాలేదు.

ఆ దారిలోనే 2014లో రైతు సాధికార సంస్థ ఏర్పడింది. గుంటూరు నుంచి పనిచేసే ఈ ప్రభుత్వ సంస్థను నడిపించింది, సెర్ప్‌లో ఆ తొలి పనికి సారథ్యం వహించిన విశ్రాంత ఐఏఎస్ అధికారి టి. విజయకుమార్. 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయం ఇప్పుడు లక్షల మంది రైతుల దాకా వెళ్లింది. దీని నిర్వహణలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఒకటుంది. పాఠం చెప్పేవాళ్లు ముందు తమ చేలో చేసి చూపించినవాళ్లై ఉండాలి. ఐసీఆర్పీలని పిలిచే వీళ్లు ఆ ఊళ్లోనో పక్కూళ్లోనో సేద్యం చేసుకునేవాళ్లే. బాగా చేసినవాళ్లను ఎంచి, కొంత గౌరవవేతనం ఇచ్చి, ఇతరులకు నేర్పమంటారు. ఏ ఇంట్లో ఎవరు ఏం వేయబోతున్నారో సంఘం సమావేశంలోనే ప్రణాళిక రాసుకుంటారు.

బోడినేలకు వీళ్లు కనిపెట్టిన మందు వానకు ముందు పొడి విత్తనం. కంది, పెసర, అలసంద, ఉలవ, జొన్న, సజ్జ, కొర్ర, నువ్వు, ఆముదం, జనుము, గోంగూర, బంతి వంటి ఇరవై ముప్పై రకాల గింజల్ని కలిపి, బంకమన్ను, పేడతో చేసే ఘనజీవామృతం, బూడిద పట్టించి గుళికలు చేస్తారు. నడివేసవిలోనే దుక్కిలో చల్లుతారు. ఆ పూత గింజను చీమలనుంచి, ఎండనుంచి కాపాడుతుంది. చిన్నపాటి వాన చాలు, మొలిచేస్తుంది. అసలు పంట వేసేలోగా పశువులకు మేత, ఇంటికి ఆకుకూర వస్తాయి, మిగిలింది నేలకు కప్పుగా పడుతుంది. అన్నిటికీ మించి, ఇన్ని రకాల వేళ్లు వేసవి చివర్లో మట్టిలో పనిచేస్తూ ఉంటాయి. ముందు చెప్పిన జిగురు తయారయ్యేది ఇక్కడే. 2024లో లిస్బన్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ పది లక్షల యూరోల మానవాళి బహుమతిని మూడు పాళ్లు చేసి, ఈ కార్యక్రమానికీ, ఈజిప్టులో ఎడారిని సాగులోకి తెచ్చిన సెకెమ్‌కూ, మృత్తికా శాస్త్రవేత్త రతన్ లాల్‌కూ ఇచ్చింది. గుంటూరు మిరప తప్ప ఏమీ ఎగుమతి చేయదనుకునేవాళ్లు ఈ వార్తను గుర్తుంచుకోవాలి.

విమర్శలూ ఉన్నాయి. అప్పట్లో పెట్టుబడి లేని సేద్యం అని పిలిచిన ఈ పద్ధతి దిగుబడిని దెబ్బతీస్తుందని 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ గట్టిగా హెచ్చరించింది. మిరప లాంటి ఆకలిగొన్న పంటకు నత్రజని ఎక్కడి నుంచి వస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వేదికల మీద దొరకదు. లాంలోని వ్యవసాయ పరిశోధన ఫారంలో, రైతు చేలో పక్కపక్కనే మళ్లు వేసి, ఏళ్ల తరబడి తూచి చూపించాలి.

నన్ను అంతకన్నా ఎక్కువగా కలవరపెట్టేది కౌలు. మన మైదానంలో మిరప, పత్తి సాగులో కౌలుదార్లది పెద్ద వాటా. నేల కోలుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలురైతుకు వచ్చే కార్డు గడువు 11 నెలలు. వచ్చే ఏడు ఈ చేను తనదో కాదో తెలియని మనిషిని, వేసవిలో పొడి విత్తనాలు చల్లి మన్నును పోషించమని ఏ నోటితో అడుగుతాం? నేలను బాగుచేసే ఏ కార్యక్రమమైనా భూయజమానిని కూడా ఆ సమావేశంలో కూర్చోబెట్టి, కనీసం నాలుగేళ్ల మాట తీసుకోవాలి.

ఇప్పుడు తుళ్లూరు వైపు రండి. 2015లో భూసమీకరణలో 33 వేల ఎకరాలకు పైగా రాజధానికి ఇచ్చిన 29 గ్రామాల్లో చాలా చేలు పత్తి, మిరప, పసుపు మరిచిపోయాయి. రాజధాని పనులు ఆగిన ఏళ్లలో వాటిని ముళ్లతుమ్మ కమ్మేసింది, 2024లో యంత్రాలతో నరికించాల్సి వచ్చింది. వరదకు జవాబుగా 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల నీటిని కృష్ణలోకి తోడే కొండవీటి వాగు ఎత్తిపోతలను ప్రారంభించారు. వాగు వెడల్పు పనులు, నీరుకొండ, శాఖమూరు, కృష్ణాయపాలెం జలాశయాలు ప్రణాళికలో ఉన్నాయి. పంపులు కావాల్సిందే. అయితే అవన్నీ వాగు చివర చేసే పనులు.

వాగు మొదలు కొండవీడు కొండల్లో ఉంది. అక్కడినుంచి మేడికొండూరు, తాడికొండ మండలాల పత్తి, మిరప చేల మీదుగా వస్తుంది. ఆ చేలు ఒక్కో వానలో ఇంకొంచెం నీరు ఇంకించుకోగలిగితే తుళ్లూరు దగ్గర వరద కొంత ఆలస్యంగా, కొంత తక్కువగా వస్తుంది. అతిభారీ తుపానుకు ఇది సరిపోదు, మామూలు వానలకు తేడా చూపుతుంది. ఆ మండలాల్లో మహిళా సమాఖ్యలు, ఐసీఆర్పీలు ఇప్పటికే ఉన్నారు. రాజధాని నీటి పనుల ఖర్చులో ఒక చిన్న పాలు వాళ్ల పేరున రాయాలి. ప్రకాశం రైతులు బోర్లను కొలిచినట్టే వీళ్లు బడి ఆవరణలో వానమాపకం పెట్టి, ఎంచుకున్న చేలల్లో నీరు ఎంతసేపట్లో ఇంకుతోందో కొలిచి, ఊరి గోడమీద రాయాలి. పొడి విత్తనం గుళికలు ఏప్రిల్ నెలాఖరుకే సంఘం చేతికి అందాలి. జూన్‌లో అందితే ఆ ఏడు పోయినట్టే.