బండి ఆపడమా, మానడమా?

హోసూరులో కాపురమున్న వారికి రహదారి అంటే ఒకటే. శ్రీనగరం నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి మన ఊరిమీదుగానే పోతున్నది. 2010లో నెంబర్లు మార్చక పూర్వం ఇది 7వ నెంబరు. మా వయసువారి నోట ఇప్పటికీ ఆ పాత నెంబరే వస్తుంది. బెంగుళూరు ఉద్యోగాలకు, సేలం వైపు పెళ్ళిళ్ళకు, తిరుపతి మొక్కుబడికి అందరూ బయలుదేరేది దీని మీదనే. ఈ దారిలో పూర్వం ఒక మర్యాద ఉండేది. లారీ గాని కారు గాని ఆగిపోయి దాని మనిషి రోడ్డుపక్క నిలుచుంటే, వెనుక వచ్చేవాడు తన బండి ఆపి, తమిళంలోనో కన్నడంలోనో తెలుగులోనో ఏమయిందని అడిగేవాడు. జాకీ ఇచ్చేవాడు, తాడు ఇచ్చేవాడు, ఏదీ లేకపోతే ముందు ఊళ్ళో మెకానిక్కుకు కబురయినా చెప్పేవాడు. ఇప్పుడు చెయ్యెత్తిన మనిషి కనబడితే కాలు బ్రేకు మీదికి కాక యాక్సిలేటరు మీదికి పోతున్నది.

ఇలా పోయేవారందరూ రాతిగుండెవారని మేము అనబోము. వారిలో చాలామంది ఒకమారు ఆపి చూసినవారే. మా ఆఫీసులో మధ్యాహ్నం క్యారియర్లు విప్పేవేళ ఈ ప్రసంగం వస్తే, ప్రతివారి దగ్గరా ఒక కథ ఉన్నది. వానిలో మా పక్కబల్ల మిత్రునిది వినదగినది.

ఆయన, భార్య, తల్లి ఒక ఆదివారం సాయంత్రం కృష్ణగిరి నుంచి తిరిగి వస్తున్నారు. శూలగిరి దాటిన తరువాత రోడ్డువారగా ఒక తెల్లకారు, బానెట్టు ఎత్తి ఉన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కొన్న మనిషి చెయ్యి ఊపుతున్నాడు. వెనుక సీటులో ఒక ఆడమనిషి, ఆమె ఒడిలో నిద్రపోతున్న బిడ్డ. మిత్రుడు ఆపాడు. ఆ మనిషి మొదట హిందీలో ఎత్తుకొన్నాడు. పర్సు పోయిందట, పెట్రోలు అయిపోయిందట, ఫోనులో చార్జి లేదట, పొద్దుటినుంచి బిడ్డకు పాలు లేవట. ఇంతలో కారులోనుంచి తల్లి, "పాపం, పసిబిడ్డరా" అన్నది. అంతే, వాని భాష మారిపోయింది.

"అమ్మా, మీరు మనవాళ్ళా! ఊరుగాని ఊళ్ళో పొద్దుటినుంచి మన మాట వినబడడం ఇదే మొదలు" అని, వేలినుంచి ఉంగరం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఊరికే వద్దన్నా, అప్పుగా ఇవ్వండి. ఇది మా అత్తవారు పెట్టిన ఉంగరం. ఊరు చేరగానే డబ్బు పంపి తెప్పించుకొంటాను."

ఉంగరం పుచ్చుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. వాడే బలవంతం చేశాడు. మిత్రుడు నాలుగు అయిదువందల నోట్లు ఇచ్చాడు. మరునాడు కంసాలి గీటురాయి మీద ఒక్క గీత గీసి చూసి, మాటాడకుండా తిరిగి ఇచ్చేశాడు. ఇత్తడి.

"రెండువేలు పోయినందుకు కాదు స్వామీ, వాడు తెలుగులో అడిగాడు" అని మిత్రుడు ఇప్పటికీ అంటాడు.

పరాయి భాషల నడుమ తరాలుగా బ్రతుకుతున్న మనకు ఈ మెత్తదనం కద్దు. బస్సులో గాని ఆస్పత్రిలో గాని తెలుగుమాట చెవినిబడితే తల తిప్పి చూస్తాము, జరిగి చోటిస్తాము. అది మనకు అవమానం కాదు. కాని ఈ ఉంగరం వారికి ప్రతిభాషలోనూ "మనవాళ్ళు" అనే మాట తెలుసును. కన్నడిగుని దగ్గర "నమ్మవరు" అంటారు, తమిళుని దగ్గర "నమ్మ ఆళు" అంటారు.

మిగతా విద్యలు పాఠకులు పత్రికలలో చదివినవే. బెంగుళూరులో మోటారుసైకిలు మీద పక్కకు వచ్చి "మీ బండినుంచి ఆయిలు కారుతున్నది" అని చెప్పడం ఒకటి. దిగి చూసేలోగా సీటు మీది సంచి మాయమవుతుంది, లేదా దగ్గరలోనే సిద్ధంగా ఉన్న మెకానిక్కు వేలకు వేలు లాగుతాడు. కిటికీ పక్క పదిరూపాయల నోట్లు చల్లి "మీవేనా?" అనడం ఇంకొకటి. నా కాలు మీద చక్రం ఎక్కించావని నలుగురిని పోగుచేసి డబ్బు గుంజడం మరొకటి. టైరు పంక్చరు కావడానికి రోడ్డు మీద మేకులు చల్లేవారు కూడా ఉన్నారు. 2012 ప్రాంతంలో బెంగుళూరు ఔటర్ రింగు రోడ్డు మీద ఒక ఇంజనీరు ఆఫీసుకు పోతూ పోతూ రోజూ మేకులు ఏరడం మొదలుపెట్టి, తరువాత అయస్కాంతం కట్టిన కర్రతో కిలోల కొద్దీ పోగుచేశాడు. ఇక ఈనాటి విద్య, "నా దగ్గర నోట్లు లేవు, మీ ఫోనుకు డబ్బు పంపుతాను, మీరు నోట్లు ఇవ్వండి" అనేది. పంపినట్లు కనబడే దొంగ తెర ఒకటి చూపిస్తారు. మన ఖాతాలో పైసా పడదు.

దారిలో మంచిమాట చెప్పి మోసగించడం ఈ కాలపు విద్య కాదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో చిత్తూరు, ఆర్కాటు సీమలలో ఫాన్సీగర్లని పిలవబడే ఉరిత్రాటి దొంగలు తోటిబాటసారులై కలిసి, స్నేహం చేసి, నమ్మిన తరువాతనే గొంతుకు బిగించేవారు. ఆ లెక్కన ఇత్తడి ఉంగరంతో పోతే చవుకే.

ఇది మోసపోయినవాని సంగతి. ఆ మోసం వల్ల నష్టపడే రెండవవాడు ఒకడున్నాడు. అతనిని మోసగాడు చూడనైనా చూడడు.

ఉంగరం కథ ఆఫీసంతా పాకిన కొన్నాళ్ళకే మా వీధి కుర్రవాడొకడు రాయకోట నుంచి మోటారుసైకిలు మీద వస్తూ రాత్రి తొమ్మిదిన్నరకు పడిపోయాడు. కుక్క అడ్డం వచ్చిందట. తొడ ఎముక విరిగి లేవలేక చెయ్యెత్తి పిలిచాడు. కార్లు పోయినవి. "ఒక కారు మెల్లగా అయిందన్నా, అద్దంలోంచి నన్ను చూశారు కూడా, మళ్ళీ వేగం పెంచి పోయారు" అని ఆస్పత్రిలో మాతో చెప్పాడు. చివరికి ఒక టొమాటోల లారీ ఆగింది. డ్రైవరు లారీని దీపాలు మిణుకుమనేటట్లు కుర్రవానికి వెనుకగా అడ్డం నిలిపి, 108కి ఫోనుచేసి, కాలు కదపవద్దని చెప్పి, బండి వచ్చేదాకా పక్కన కూర్చున్నాడు. పోలీసులు రాకముందే పేరు చెప్పకుండా వెళ్ళిపోయాడు. కుర్రవాని తండ్రి రాయకోట మండీలో వారం రోజులు విచారించినా ఆ మనిషి దొరకలేదు.

ఆ డ్రైవరు పోలీసులకు భయపడి పోయి ఉంటాడు. భయపడనక్కరలేదని అతనికెవరూ చెప్పలేదు కాబోలు. సేవ్‌లైఫ్ అనే సంస్థ 2013లో విచారిస్తే నూటికి 74 మంది దెబ్బతిన్నవానికి సాయపడడానికి వెనుకాడతామనే చెప్పారు. వారిలో ఎక్కువమంది భయం పోలీసు విచారణ, కోర్టు తిరుగుడు. 2006లో లా కమిషను, మొదటి గంటలో ఆస్పత్రికి చేరిస్తే ఈ చావులలో సగమైనా తప్పించవచ్చునని వ్రాసింది.

మేము గుమాస్తాలము గనుక గెజెట్టు చదవడం మాకు అలవాటు. అందులో ఉన్నది ఉన్నట్లు చెబుతాము. పోలీసు కేసయినా కాకపోయినా డాక్టరు ముందు చికిత్స చేయవలసినదేనని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది. స్కూటరు మీద పోతూ దెబ్బతిన్నవానిని ఒక ఆస్పత్రి చేర్చుకోక దూరాన ఉన్న ఇంకొక ఆస్పత్రికి పొమ్మంటే, దారిలోనే ప్రాణం పోయిందని పత్రికలో వచ్చిన వార్త మీద నడచిన వ్యాజ్యమది. సాయపడినవారిని వేధించకూడదని కేంద్ర ప్రభుత్వం 2015లో సూచనలిస్తే, 2016 మార్చి 30న సుప్రీంకోర్టు వాటిని అందరూ పాటించి తీరాలన్నది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేరింది, 2020 సెప్టెంబరులో నియమాలు వచ్చినవి. వాటి ప్రకారం సాయపడినవాడు పేరు, విలాసం చెప్పనక్కరలేదు. సాక్షిగా ఉండమని బలవంతం చేయకూడదు. ఆస్పత్రివారు నిలబెట్టి డబ్బు అడగకూడదు. ఈ హక్కులు ఆస్పత్రి వాకిట్లో స్థానిక భాషలో కూడా వ్రాసి పెట్టవలెను. (మేము చూసిన ఒక ఆస్పత్రిలో ఆ పలక ఎరువుల క్యాలెండరు వెనుక ఉన్నది.) తీవ్రంగా దెబ్బతిన్నవానిని మొదటి గంటలో చేర్చినవానికి 2021లో 5,000 రూపాయల బహుమతి పెట్టి, 2025లో 25,000 చేశారు. తమిళనాడులో 2021 డిసెంబరులో మొదలైన పథకం కింద, ప్రమాదం ఈ రాష్ట్రంలో జరిగితే చాలు, ఏ రాష్ట్రంవాడైనా మొదటి 48 గంటల చికిత్స ఉచితం. కేంద్రం 2025లో దేశమంతటికీ ఏడు రోజులు, లక్షన్నర రూపాయల వరకు ఏర్పాటు చేసింది.

ఈ చట్టమంతా దెబ్బతిన్న మనిషిని గురించి. ఆగిపోయిన బండిని గురించి కాదు. మేము కూడా ఈ రెంటినీ వేరుచేసే చూస్తాము. నెత్తురు కనబడితే ఆపవలసినదే, ఆపడం వీలుకాకపోతే 108కో 112కో ఫోను అయినా చేయవలసినదే. ఎత్తిన బానెట్టు ఒక్కటే కనబడితే మాత్రం ఆలోచించడానికి వ్యవధి ఉన్నది. పెట్రోలు లేకపోయినందువల్ల ఎవరూ అరగంటలో చచ్చిపోరు.

అప్పుడు డబ్బు ఇవ్వడం తప్ప తక్కిన సాయమంతా చేయవచ్చును. మా మిత్రుడు ఇప్పుడు చేసేది ఇది. కొంచెం ముందుకు పోయి, వెలుతురున్న చోట ఆపి, తలుపు తాళం తీయకుండా అద్దం రెండు అంగుళాలు దించి మాటాడతాడు. "మేమే ఫోను చేస్తాము, 1033 వారు వస్తారు" అంటాడు. అది జాతీయ రహదారులవారి నెంబరు. టోలుగేట్ల దగ్గర వారి గస్తీ బండి, క్రేను, ఆంబులెన్సు ఉంటాయి. "పెట్రోలు కావాలంటే బంకు నుంచి సీసాలో పంపిస్తాము" అంటాడు. నిజంగా చిక్కుకున్నవాని మొహం ఈ మాటకు వికసిస్తుంది. ఉంగరం వానికి ఈ మాట గిట్టదు. ఫోను వద్దంటాడు, పెట్రోలు వద్దంటాడు, నోట్లే కావాలంటాడు.

మా ఇంటావిడ దీనికి కూడా ఒప్పుకోలేదు. "మగవాళ్ళు నలుగురున్నప్పుడు చెప్పే కబుర్లివి. రాత్రిపూట నేను ఒంటరిగా పోతుంటే ఎవరికీ ఆపను. టోలుగేటు దాకా పోయి అక్కడ చెబుతాను" అన్నది. ఆమె మాట కాదనడానికి మా దగ్గర జవాబు లేదు. పైగా, వేగంగా బండ్లు వచ్చే రోడ్డులో దారికడ్డంగా ఆపడం ఎవరికైనా ప్రమాదమే. తొప్పూరు కనుమ వంటి దిగుళ్ళలో బ్రేకులు పట్టని లారీలు వెనుకనుంచి వచ్చి గుద్దిన సంగతి ఈ జిల్లాలవారికి చెప్పనక్కరలేదు.

రేపు ఆగిపోయేది మన బండే కావచ్చును. అప్పుడు వెనుకవారికి మనమూ అనుమానపు మనుషులమే. బండిని వీలైనంత పక్కకు తీసి, నాలుగు దీపాలు మిణుకుమనిపించి, ఎర్ర త్రికోణాన్ని బాగా వెనుకగా పెట్టి, పిల్లలతో సహా అందరూ ఇనుపకమ్మీ ఆవలకు చేరవలెను. రోడ్డు మధ్యకు పరుగెత్తి చేతులు ఊపకూడదు. ఎవరైనా ఆపితే డబ్బు అడగక, ఒక ఫోను చేసిపెట్టమని మాత్రం అడగవలెను. తమిళసీమలో తమిళంలో, కన్నడసీమలో కన్నడంలో అడగగలిగితే మరీ మంచిది.

పోయిన నెలలో శూలగిరి దగ్గరే రోడ్డువారగా మళ్ళీ ఒక తెల్లకారు కనబడితే, మా మిత్రుడు ఆపలేదు గాని, ముందున్న పెట్రోలు బంకులో నిలిచి 1033కి ఫోను చేసి, కిలోమీటరు రాయి నెంబరుతో సహా చెప్పాడు. గస్తీ బండి పంపుతామన్నారు. అక్కడున్నది అసలువాడో ఉంగరంవాడో ఆయనకు తెలియదు. ఆ ఇత్తడి ఉంగరం మాత్రం ఇప్పటికీ ఆఫీసులో ఆయన బల్ల సొరుగులో, గుండుసూదుల డబ్బాలో ఉన్నది.