దర్యాప్తు నిబంధనలు నలుగురి ముందే మారాలి

అమెరికాలో విమానం కూలినా, రైలు పట్టాలు తప్పినా కారణం తేల్చాల్సింది జాతీయ రవాణా భద్రతా మండలి, అంటే ఎన్‌టీఎస్‌బీ. 1967లో ఏర్పడి, 1975లో రవాణా శాఖ నుంచి పూర్తిగా విడివడిన ఈ సంస్థ ఎయిర్‌లైన్స్‌కు జరిమానాలు వేయదు. కారణం కనిపెట్టి, సిఫార్సులు చేస్తుంది. ఆ సిఫార్సులకు విలువ తెచ్చేది దాని దర్యాప్తు మీద ఉన్న నమ్మకమొక్కటే. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా బోయింగ్ కూలినప్పుడు, విమానాన్ని తయారుచేసిన దేశం తరఫున ఈ సంస్థ నిపుణులే మన దర్యాప్తులో పాల్గొన్నారు. అందుకే అది తన పద్ధతులను ఎలా మార్చుకుంటుందో మనమూ తెలుసుకోవాలి.

ఆ పద్ధతులు ఎంత సున్నితమైనవో ప్రమాద స్థలంలో తెలుస్తుంది. శకలాలు పరిశీలించే బృందంలో ఇంజిన్ తయారుచేసిన కంపెనీ ఇంజినీరూ ఉంటాడు. ఆ యంత్రం లోతుపాతులు అతనికి బాగా తెలుసు కాబట్టి నిబంధనలు అతన్ని రానిస్తాయి. అదే కంపెనీ లాయరును, బీమా ప్రతినిధిని మాత్రం రానివ్వవు. తాను చూసిన లోపం మరోచోట ప్రాణాలు తీయకుండా అతను తన సంస్థను హెచ్చరించవచ్చు. విలేకరులకు మాత్రం చెప్పకూడదు. ఈ కట్టడి సడలితే దర్యాప్తు సమాచారం కోర్టు కేసుల తయారీకి పనికొస్తుంది. మరీ బిగిస్తే లోపాన్ని సరిదిద్దడం ఆలస్యమవుతుంది. నిబంధనల్లో ఆఫీసు వ్యవహారంలా కనిపించే వాక్యం వెనక ప్రయాణికుల ప్రాణాలున్నాయి.

అమెరికాలో 1946 నాటి చట్టం ప్రకారం, ప్రభుత్వ సంస్థలు కొత్త నిబంధన తెచ్చేముందు ముసాయిదా ప్రకటించి ప్రజాభిప్రాయం తీసుకోవాలి. సంస్థ సొంత పద్ధతులకు సంబంధించిన నిబంధనలకు మాత్రం మినహాయింపు ఉంది. అయినా ఎన్‌టీఎస్‌బీ తన దర్యాప్తు నిబంధనల ముసాయిదాను 2014 ఆగస్టులో అందరి ముందూ పెట్టింది. వచ్చిన వ్యాఖ్యలు పరిశీలించి, దేన్ని ఎందుకు ఒప్పుకుందో, దేన్ని ఎందుకు కాదందో రాసి, 2017 జూన్‌లో కొత్త రూపం ప్రకటించింది. ప్రధానంగా విమానాలను దృష్టిలో పెట్టుకుని రాసిన పాత నిబంధనలు రోడ్డు, రైలు, నౌకా ప్రమాదాలకు సరిగ్గా అమరేవి కావు. అందుకే ఒక్కో రవాణాకు విడి భాగం కేటాయించింది.

దాదాపు మూడేళ్లు పట్టింది కదా, ఈలోగా ప్రమాదాలు ఆగుతాయా అని అడగవచ్చు. ఆగవు. కానీ అప్పటిదాకా పాత నిబంధనలు అమల్లోనే ఉంటాయి. పైగా 2017 నాటిది మధ్యంతర తుది నిబంధన. అమలుకు తేదీ పెడుతూనే మళ్లీ వ్యాఖ్యలు కోరింది. ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. వ్యాఖ్యలు పంపేవారిలో ఎయిర్‌లైన్స్, తయారీదారులు, రైల్వే కంపెనీలు ఉంటాయి. అంటే రేపు దర్యాప్తును ఎదుర్కోవాల్సినవారే. నిజమే. అయితే వ్యాఖ్య ఓటు కాదు, సంస్థ దాన్ని కాదనవచ్చు. తలుపు మూసినంత మాత్రాన వారి పలుకుబడి పోదు, కంటికి కనిపించకుండా పనిచేస్తుంది, అంతే. రాతలో ఉంటే ఎవరు ఏం కోరారో, ఏం దక్కిందో బాధిత కుటుంబాలు కూడా చదువుకోవచ్చు. చట్టం మినహాయింపు ఇచ్చినా భద్రతా సంస్థలు దాన్ని వాడుకోకూడదు. ఇతరుల తప్పులు బయటపెట్టే సంస్థ తన నియమాలను చాటుగా మార్చుకుంటే, దాని నివేదికను నమ్మమని అడిగే హక్కు కోల్పోతుంది.