తలుపు ఎంత తెరిచి ఉంచాలి?

భిలాయిలో రాత్రి పూర్తిగా నల్లబడదు. ఉక్కు కర్మాగారంలో కాగిన స్లాగ్ పారబోసినప్పుడల్లా ఆ పక్క ఆకాశం ఎర్రగా వెలిగి ఆరుతుంది. భిలాయి-3లో అయితే చరోడా యార్డు నుంచి వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు తెల్లవార్లూ వినిపిస్తూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి విన్నవాళ్ళకు అది లేకపోతేనే నిద్ర పట్టదు. నాలుగేళ్ళ పిల్లకు మాత్రం ఆ చప్పుడుకి కాళ్ళూ చేతులూ మొలుస్తాయి.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక ఇంట్లో ఈ చీకటి భయం గొడవ దగ్గరగా చూశాను. తండ్రి రైల్వేలో రన్నింగ్ స్టాఫ్. ఒకప్పుడు డ్యూటీకి పిలవడానికి కాల్ బాయ్ వచ్చి అర్ధరాత్రి తలుపు కొట్టేవాడు, ఇప్పుడు ఫోన్ మోగుతుంది. పిల్ల నిద్రపోయేటప్పుడు పక్కనున్న నాన్న లేచేసరికి ఉండడు. "చీకట్లో ఏముందమ్మా?" అని తల్లి అడిగితే "నాన్న లేడు" అంది. మనం బూచాడి కోసం మంచం కింద వెతుకుతుంటాం. చాలామంది పిల్లల భయంలో బూచాడి వాటా తక్కువ, ఒంటరిగా మిగిలిపోతానన్న దిగులే ఎక్కువ. అందుకని ఆ ఇంట్లో మొదట మారింది దీపం కాదు. డ్యూటీ ఉన్న రోజు, "రాత్రి వెళ్తాను, నువ్వు టిఫిన్ తినే వేళకి వస్తాను" అని తండ్రి పడుకోబోయే ముందే చెప్పడం మొదలుపెట్టాడు.

ఈ భయం సాధారణంగా రెండు మూడేళ్ళకు మొదలై, బడికి వెళ్ళే వయసులో మెల్లగా సన్నగిల్లుతుంది. "ఊహ తెలియడం" అనే మన మాటలోనే దీని గుట్టు ఉంది. లేనిదాన్ని మనసులో కట్టుకునే శక్తి ముందు వస్తుంది, కట్టుకున్నది నిజం కాదని తేల్చుకునే శక్తి ఆ తర్వాతెప్పుడో వస్తుంది. మధ్యలో ఉన్న నాలుగైదేళ్ళే మనకు కష్టకాలం. "అంత పెద్దదానివి, సిగ్గులేదా?" అంటే భయం పోదు. చెప్పుకోవడం మానేస్తుందంతే.

కంటి సంగతి కూడా కొంత ఉంది. మసక వెలుతుర్లో చూడటానికి పనికొచ్చే రాడ్ కణాలు పూర్తిగా తేరుకోవాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పైగా వాటికి రంగులు తెలియవు. ట్యూబులైటు టక్కున ఆర్పేస్తే, మేకుకు తగిలించిన నాన్న చొక్కా రంగు పోగొట్టుకుని నిలబడ్డ మనిషైపోతుంది. పడుకునే ముందు అరగంట ట్యూబులైటు తీసేసి, పసుప్పచ్చటి జీరో బల్బు వేస్తే కన్నూ మనసూ రెండూ సర్దుకుంటాయి. (పేరుకే జీరో. ఆ పాతకాలపు బల్బు 12 నుంచి 15 వాట్లు తాగేది.) అప్పుడే ఆ చొక్కాని పిల్ల చేతే తాకించాలి.

ఇక మనం నూరిపోసే భయం. తెలుగింటి బూచాడు చాలడన్నట్టు ఇక్కడి పిల్లలకు వీధిలో ఛత్తీస్‌గఢీ "టోనహీ" కూడా తగులుతుంది, అంటే మంత్రగత్తె. హరేలీ అమావాస్యనాడు గుమ్మాలకు వేపమండలు కట్టడం చూసి, ఎందుకని అడిగితే ఎవరో ఒకరు కథ చెప్పనే చెబుతారు. ఒక మనిషిని టోనహీ అని వేధించడం నేరమని 2005లో ఛత్తీస్‌గఢ్ చట్టమే చేసింది. అన్నం తినలేదని పిల్లని బూచాడికి పట్టిస్తాననే మామ్మకు మాత్రం ఏ చట్టమూ లేదు! తలగడ కింద ఇనప ముక్క పెట్టడం కూడా ఈ కోవలోదే. ఉక్కు ఊళ్ళో ఇనుముకేం కరువు? కానీ అది పెట్టిన ప్రతిసారీ, దయ్యం ఉందని మనమే ఒప్పుకుంటున్నట్టు. ఆంజనేయుణ్ణి తలుచుకుని పడుకోమనండి, తప్పులేదు. "తలుచుకోకపోతే వస్తుంది" అనే మాట మాత్రం జతచేయకండి.

1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే వణికే పీటర్ అనే మూడేళ్ళ లోపు పిల్లవాడి భయం ఎలా పోగొట్టిందో రాసింది. వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును దూరంగా పెట్టి, రోజురోజుకీ దగ్గరికి జరిపింది. చివరికి వాడే దాన్ని నిమిరాడు. చీకటినీ అలాగే జరపాలి. మన ఆదిపర్వంలో అర్జునుడి సంగతి చూడండి. అతనికి చీకట్లో అన్నం పెట్టొద్దని ద్రోణుడు వంటవాడికి చెప్పి ఉంచాడు. ఒకరోజు గాలికి దీపం ఆరింది, అయినా చెయ్యి తిన్నగా నోటికే వెళ్ళింది. అక్కడి నుంచి చీకట్లో బాణాలు వేయడం సాధన చేశాడు. వాదనకు లొంగని చీకటి అలవాటుకు లొంగుతుంది.

ఆ ఇంట్లో ఇది ఆటగా సాగింది. సాయంత్రం దీపం ఆర్పి, తల్లి ఒళ్ళో కూచుని అటుకులు తినడం. గోడ మీద చేతులతో కుక్కా, లేడీ ఆడించడం. కళ్ళు మూసుకుని చప్పుళ్ళకు పేర్లు పెట్టడం: ఇది కూలర్, ఇది కీచురాయి, ఇది గూడ్సు బండి. పేరు దొరికిన చప్పుడుకి మళ్ళీ కాళ్ళు మొలవలేదు. తర్వాత తలుపు వంతు. మొదట బార్లా, మూడు రాత్రుల తర్వాత సగం, ఆ తర్వాత జానెడు. ఎంత తెరవాలో పిల్లే చెప్పేది. జ్వరం వచ్చినప్పుడు మళ్ళీ బార్లా తెరవమంది, తెరిచారు. పక్కన పడుకోబెట్టుకోమని గోల చేసినప్పుడు మాత్రం తల్లి తన మంచానికి తెచ్చుకోలేదు, పిల్ల మంచం దగ్గరే కాసేపు కూచుంది. గుడ్డబొమ్మను ఇచ్చి "దీనికి భయమట, నువ్వు చూసుకో" అంది. ఇజ్రాయెల్‌లో 2006 యుద్ధం నాటి పిల్లలకు బొమ్మ కుక్కపిల్లను అప్పగించి చూసిన పరిశోధకులు కూడా ఇదే గమనించారు. ఒకరిని చూసుకునే పని పడ్డాక పిల్లల బెంగ తగ్గింది.

ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. నిద్రపోయిన కొద్ది గంటల్లోనే కళ్ళు తెరిచి కేకలు పెట్టి, మనల్ని గుర్తుపట్టకుండా, పొద్దున ఏమీ జ్ఞాపకం లేకుండా లేచే పిల్లది చీకటి భయం కాదు. అది నిద్రలో వచ్చే కలవరం. కుదిపి లేపకుండా, పడిపోకుండా చూస్తే చాలు. చీకటి భయమే నెలల తరబడి తగ్గక, నిద్ర చాలక పగలంతా వాడిపోతుంటే పిల్లల డాక్టరుకు చూపించాలి.

ఆ ఇంట్లో జీరో బల్బు ఒక రాత్రి మాడిపోయింది. మూడు రోజుల దాకా ఎవరూ గమనించలేదు. బాత్రూంకి లేచి, "ఎవరే ఆ మూల?" అని కేకేసి ఇల్లంతా లేపినది మామ్మ.