వార్తల్లో పదం: లభ్య క్లోరిన్

వానలు పడి అతిసారం వార్తలు మొదలవగానే ‘బ్లీచింగ్‌లో లభ్య క్లోరిన్ తక్కువ’ అన్న మాట కనిపిస్తుంది. బ్లీచింగ్ పౌడరులోంచి విడుదలై క్రిములను చంపగల క్లోరిన్ శాతమే అది. తాజా సరుకులో సుమారు 33.

నీళ్లు చల్లితే పొడిగా రాలిన సున్నం మీదికి క్లోరిన్ వాయువు పంపితే ఈ పౌడరు తయారవుతుంది. గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ 1799లో దీనికి పేటెంటు తీసుకున్నారు. అప్పట్లో ఇది బట్టలు తెల్లబరిచే సరుకు!

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ లాంటి రైల్వే కాలనీల్లో మురుగుకాలవ గట్టున తెల్లటి చారలా చల్లేది దీన్నే. ముక్కుపుటాలదిరే ఆ ఘాటు జారిపోతున్న క్లోరిన్‌దే. గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ తగిలితే చాలు, క్లోరిన్ జారిపోతూనే ఉంటుంది. మూతి విప్పి నెలల తరబడి వదిలేసిన బస్తాలో సత్తువ పోతుంది, తెలుపు మాత్రం పోదు. చూసి పోల్చుకోలేం. పరీక్ష చేయాల్సిందే.

తాగునీటికి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములన్న కొలత మంచి పౌడరుకే వర్తిస్తుంది. కలిపాక అరగంట ఆగాలి. ఇదే పౌడరు మీద యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనరు పడితే మాత్రం క్లోరిన్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఇరుకు బాత్రూములో అది ప్రాణాల మీదికి తెస్తుంది.