గామా కొత్తగా తెచ్చిందేమిటి?

ఇండియాకు సముద్రమార్గం ఎవరు కనిపెట్టారంటే అమలాపురంలో ఏ బడిపిల్లాణ్ణి అడిగినా వాస్కో డ గామా అని ఠక్కున చెప్తాడు. మార్కు వస్తుంది. నిజం మాత్రం సగమే.

అపోహ: దారంతా ఆయనే కనిపెట్టాడు.

వాస్తవం: ఆఫ్రికా కొసను పోర్చుగీసు నావికుడు డయాస్ 1488లోనే చుట్టాడు. గామా ఘనతంతా అట్లాంటిక్‌లో ఉంది. 1497లో తీరం వదిలేసి, మూడు నెలలు నేల కనపడకుండా ఓడలు నడిపించాడు. అది మామూలు గుండె కాదు. ఆఫ్రికా తూర్పు తీరంలోని మాలింది నుంచి కోళికోడ్‌కు మాత్రం ఎప్పట్నుంచో నలిగిన దారే. మాలింది రాజు ఇచ్చిన సరంగు మూడు వారాలు దాటేసరికి మలబారు తీరం చూపించాడు. ఆ సరంగు ఇబ్న్ మాజిద్ అన్నది తర్వాత పుట్టిన కథ. పోర్చుగీసు చరిత్రకారులు గుజరాతీ అనే రాశారు.

గాలి తెలిసినవాళ్ల విలువ తిరుగు ప్రయాణంలో తెలిసొచ్చింది. ఈశాన్యపు గాలి నిలదొక్కుకోకముందే, అక్టోబరు మొదట్లో బయల్దేరాడు. అంతర్వేది పల్లిపాలెంలో ఏ వేటగాడైనా వద్దనేవాడు. అదే సముద్రం దాటడానికి మూడు నెలలు పట్టింది. చిగుళ్లు ఉబ్బి మనుషులు రాలిపోయారు. నడిపేవాళ్లు చాలక ఒక ఓడను వాళ్లే తగలబెట్టుకున్నారు.

అపోహ: గోదావరి తీరానికీ వచ్చాడు.

వాస్తవం: రాలేదు. మూడుసార్లూ పడమటి తీరానికే వచ్చి, 1524లో కొచ్చిలో పోయాడు. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్లది, బెండమూర్లంకలో గిడ్డంగి ఇంగ్లీషువాళ్లది. గామా పేరు మాత్రం అమరావతి ఎక్స్‌ప్రెస్ బోర్డు మీద రాజమండ్రి దాకా వస్తుంటుంది.

అపోహ: మనకు సముద్ర వర్తకం నేర్పాడు.

వాస్తవం: గామాకు ఎంతో ముందటి శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీదే రెండు తెరచాపకొయ్యల ఓడ ఉంది. గామా కోళికోడ్ రాజు జామొరిన్‌కు తెచ్చిన కానుకలేమో చారల గుడ్డ, టోపీలు, చేతులు కడుక్కునే పళ్లేలు, పంచదార, నూనె, తేనె. కొలువులోవాళ్లు పకపకా నవ్వారు.

మరి ఆయన కొత్తగా తెచ్చిందేమిటి? 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనుకటి రాజులు లాక్కునేవారు. తాను సుంకం తప్ప మరేదీ ముట్టనని పరదేశి వర్తకులకు అభయమిచ్చాడు. 1502లో గామా మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడను పట్టుకుని సరుకు దోచి, ఆడవాళ్లు, పిల్లలు ఉండగానే నిప్పుపెట్టించాడు. పోర్చుగీసు అనుమతి చీటీ లేని ఓడను పట్టుకోవడం ఆ తర్వాత రివాజైపోయింది. మన సముద్రానికి ఆయన తెచ్చిన కొత్తదనం ఇదీ. 1998లో ఆయన రాకకు అయిదొందల ఏళ్ల వేడుకలంటే కేరళలో నిరసనలు లేచింది అందుకే.