యంత్రం ఉతుకుతుంది, ఉబ్బ వేయదు!

ఇంట్లోకి వాషింగ్ మెషిన్ వచ్చింది. నడుము వంచి బండమీద బాదే బాధ తప్పింది. బట్టలు తెల్లగా వస్తున్నాయి, పౌడరు పరిమళం గుమాయిస్తున్నది. అయినా పెద్దబ్బాయికి తొడల మధ్య తామర మూడు నెలలుగా తగ్గడం లేదు. కోడలికి లంగా బొందు దగ్గర నడుము చుట్టూ ఒకటే దురద. ఇప్పుడు చిన్నపిల్ల మెడమీద కూడా గుండ్రటి మచ్చ తేలింది. "రోజూ ఉతికిన బట్టలే కడుతున్నాం కదా, ఇదెక్కడి పీడ?" అని ఇంటి పెద్దావిడ ఆశ్చర్యపోతుంది.

ఇటువంటి ఇల్లు ఏలూరులో ఉండవచ్చు, తాడేపల్లిగూడెంలో ఉండవచ్చు, కొల్లేటి చెంత కైకలూరులోనో ఆకివీడులోనో ఉండవచ్చు. మందు మార్చబోయే ముందు ఆ ఇంటివారు ఒక చిన్న పరీక్ష చేయాలి. మెషిన్ మూత ఎత్తి లోపల వాసన చూడాలి. ముక్క వాసన కొడితే ఆ మెషిన్‌కే స్నానం కరువైందన్న మాట!

ఉబ్బలో ఉన్న రహస్యం

వెనుకటి రోజుల్లో రేవులో రజకులు బట్టలను చౌడు కలిపిన నీళ్ళలో తడిపి, బానమీద పేర్చి, కింద మంట పెట్టి, ఆవిరి పట్టించేవారు. దానినే ఉబ్బ వేయడం అనేవారు. ఆ తరువాతనే బండమీద ఉతికి, ఎండలో ఆరవేసేవారు. మురికి వదలడానికి చౌడు, సూక్ష్మజీవులు చావడానికి ఆవిరి, మిగిలినదేదైనా ఉంటే ఎండ. ఆ పద్ధతిలో ఇంత వైద్యం ఇమిడి ఉన్నది.

మన ఇళ్ళలో మెషిన్ చాలావరకు చన్నీళ్ళతోనే నడుస్తుంది. అది మురికిని, చెమటను, జిడ్డును వదలగొడుతుంది. సూక్ష్మజీవులలో కూడా చాలా భాగం నీళ్ళతో కొట్టుకుపోతాయి. కాని తామరను కలిగించే బూజు జాతి జీవి చన్నీటి ఉతుకుకు లొంగదు. 30 డిగ్రీల నీటిలో బతికి ఉండడమే కాక, ఒకే తొట్టిలో తిరిగే ఇతర బట్టలకు కూడా అంటుకోగలదు. 60 డిగ్రీల వేడి నీటిలో ఉతికితే నశిస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

కనుక ఇంట్లో ఎవరికైనా తామర ఉంటే వారి లోదుస్తులు, లుంగీ, తువాలు, పక్కదుప్పటి విడిగా ఉతకండి. ముందు తలుపు ఉండే మెషిన్లలో సాధారణంగా హీటరు ఉంటుంది. కాటన్ బట్టలకు 60 డిగ్రీల మీట నొక్కండి. రెండు తొట్లుండే సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో హీటరు ఉండదు. అటువంటప్పుడు ఆ నూలు బట్టలను ముందుగా ఒక పెద్ద గిన్నెలో వేసి, అవి మునిగేటట్టు సలసల కాగిన నీళ్ళు పోసి, మూతపెట్టి అరగంట ఉంచండి. చల్లారాక మెషిన్‌లో వేయండి. మరిగే నీళ్ళు నేరుగా ప్లాస్టిక్ తొట్టిలో పోయకూడదు. పిల్లలు ఆ గిన్నె దరిదాపులకు రాకుండా చూసుకోవాలి. వేడికి తట్టుకోలేని బట్టలనైతే విడిగా ఉతికి, తిరగవేసి ఎండలో ఆరబెట్టి, ఆ బట్ట ఓర్చుకున్నంత వేడితో ఇస్త్రీ చేయండి.

గజ్జికి కారణం వేరు. అది కంటికి ఆనని చిన్న పురుగు. రోగి బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళతో ఉతకాలి. ఉతకడానికి వీలులేని వాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టి వారం రోజులు పక్కన పెడితే చాలు. మనిషి చర్మం దొరకనిదే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి సాధారణంగా బతకదు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలన్న మాట మరువకండి.

ఉతుకు ఎంత బాగున్నా మందుకు బదులు కాదు. తామరకు దుకాణంలో అడిగి తెచ్చుకునే మిశ్రమ మలాములలో చాలా వాటిలో స్టీరాయిడ్ ఉంటుంది. అది రాయగానే దురద తగ్గుతుంది, జబ్బు మాత్రం లోలోపల పాకుతుంది. చర్మవైద్యుడు చెప్పిన మందు, చెప్పినన్ని రోజులు వాడవలసిందే.

మన నీళ్ళ సంగతి

కృష్ణ కాలువ, గోదావరి కాలువ రెండూ వచ్చి కలిసే ఊరు ఏలూరు. కాలువ నీరు సాధారణంగా మెత్తనిది, బట్టలకు మంచిది. కాని వేసవిలో కాలువలు కట్టేసిన రోజులలో చాలా ఇళ్ళకు బోరునీరే దిక్కు. కొల్లేరు వైపు భూమిలోని నీరు చాలాచోట్ల ఉప్పన. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు గుండా వేసవిలో పోటు నీరు వెనక్కు తన్నుతుంది కూడా.

ఉప్పునీటిలోను, చప్పటి బోరునీటిలోను పౌడరు సరిగా నురగ రాదు. నురగ రాలేదని గృహిణి ఇంకో గుప్పెడు పౌడరు వేస్తుంది. అది పూర్తిగా వదలక బట్టలోనే మిగిలిపోతుంది. చెమట పట్టగానే మెడ దగ్గర, చంకలలో, నడుము దగ్గర మంట, దురద పుడతాయి. చంటిపిల్లలకు దద్దుర్లు వస్తాయి. ఇది జబ్బు కాదు, పౌడరు చేసిన పని!

దీనికి సులువైన పరీక్ష ఉన్నది. ఆఖరిసారి జాడించిన నీళ్ళు దోసిట్లోకి తీసుకోండి. నురగ తేలినా, వేళ్ళ మధ్య జారుడుగా ఉన్నా మరొకసారి జాడించాలి. పౌడరు పొట్లం మీద చెప్పిన కొలతకు మించి వేయకండి. తొట్టిని బట్టలతో కూరవద్దు. పైన బెత్తెడు జాగా ఉంటేనే నీరు అన్ని మడతలలోకి వెళుతుంది. వీలున్నవారు కనీసం చివరి జాడింపుకైనా కుళాయి నీరు వాడండి.

వరదల కాలంలో కాలువలో ఎర్రనీరు వస్తుంది. ఆ నీటిని నేరుగా మెషిన్‌కు పెడితే తెల్లబట్టలు గోధుమరంగుకు తిరుగుతాయి, గొట్టం మొదట్లోని చిన్న జాలీ ఒండ్రుతో పూడిపోతుంది. నీటిని తొట్టిలో పట్టి, పటిక తిప్పి, తేరిన తరువాత వాడండి. ఆ జాలీని నెలకొకసారి విప్పి పాత పళ్ళబ్రష్షుతో తోమండి.

మెషిన్‌కు స్నానం

పౌడరు జిడ్డు, నూలు పీచు, చెమట, గంజి - ఇవన్నీ తొట్టి వెనుక పొరగా పేరుకుంటాయి. ఆ పొర, దానికి తోడు తడి, పైన మూసిన మూత. బూజుకు ఇంతకన్న మంచి కాపురం ఏముంటుంది? కనుక ఈ నియమాలు పాటించండి.

ఉతకడం అయిపోగానే బట్టలు తీసి ఆరవేయండి. రాత్రంతా తడిబట్టలు తొట్టిలో ఉంచితే మళ్ళీ ఉతకవలసిందే.

తొట్టిని, ముందు తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతను పొడిగుడ్డతో తుడవండి. లోపల ఆరేదాకా మూత కాస్త తెరిచి ఉంచండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే దగ్గరుండి ఆరనిచ్చి మూసివేయండి.

పీచు పట్టే సంచిని ప్రతిసారీ దులపండి. పౌడరు వేసే అరను వారానికొకసారి బయటికి లాగి కడగండి.

నేతచీరలకు గంజి మెషిన్‌లో పెడితే, ఆ వెంటనే ఖాళీ తొట్టిని మంచినీళ్ళతో ఒకసారి తిప్పండి.

నెలకొకసారి బట్టలు లేకుండా వేడినీళ్ళతో మెషిన్ నడపండి. బోరునీరు వాడే ఇళ్ళలో హీటరు మీద తెల్లటి గార కడుతుంది. మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో వద్దని లేకపోతే, ఆ నీటిలో 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేస్తే గార కరుగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. నిమ్మ ఉప్పును, బ్లీచింగును ఎన్నడూ కలపకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన స్నానాలగదిలో అది ఊపిరితిత్తులకు ప్రమాదం.

మందు కొట్టిన బట్టలు

మనది వరి పండించే సీమ. పొలంలో పురుగుమందు చల్లి వచ్చిన చొక్కా, పంచె ఇంటి బట్టలలో కలిపి వేయడం చాలా ఇళ్ళలో చూస్తాం. ఆ మందులలో కొన్ని చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతాయి. అవి పసిపిల్లల గుడ్డలకు అంటితే ఎంత కీడో చెప్పనక్కరలేదు. ఆ బట్టలను అదేరోజు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, విడిగా జాడించి, తరువాత వేడినీళ్ళతో విడిగానే ఉతకాలి. అవి తీశాక ఖాళీ మెషిన్‌ను పౌడరు వేసి మరొకసారి నడపాలి. నీళ్ళు కలపని మందు ఒలికిన బట్టనైతే ఉతికే ప్రయత్నమే వద్దు, పారవేయండి.

వానాకాలంలో

ముసురు పట్టిన రోజులలో బట్టలు గదిలోనే దండెం మీద వేలాడుతుంటాయి. గది నిండా చెమ్మ, గోడకు బూజు. ఉబ్బసం ఉన్నవారికి ఇది గిట్టదు. అటువంటి రోజులలో కొద్దికొద్దిగా ఉతకండి. డ్రయ్యర్‌లో రెండోసారి తిప్పండి. కిటికీ తెరిచి, ఫ్యాను కింద బట్టకు బట్టకు ఎడం ఉంచి ఆరవేయండి. లోదుస్తులు చెమ్మగా ఉండగా తొడుక్కోవద్దు. వేడి ఇస్త్రీ పెట్టి తొడుక్కోండి. ఎండ రాగానే దుప్పట్లు, దిండు గలీబులు డాబా మీదకు చేర్చండి.

ప్రాణం మీదకు రాకుండా

నీళ్ళు, కరెంటు ఒకేచోట ఉండే వస్తువు ఇది. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తు లేనిదే మెషిన్ నడపరాదు. ఎర్తు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. కరెంటు కారగానే సరఫరా ఆపివేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే మరీ మంచిది. ముట్టుకుంటే జివ్వుమంటున్నదంటే మెయిన్ ఆపి మనిషిని పిలవండి. చెప్పులు వేసుకుని వాడుకోవడం ఉపాయం కాదు. తడిచేతులతో ప్లగ్గు పీకవద్దు. డ్రయ్యర్ పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టవద్దు. మూత ఎత్తినా అది ఆగకుండా తిరుగుతుంటే బ్రేకు పోయిందన్న మాట, బాగుచేయించేదాకా వాడకండి.

ద్రవ రూపంలో వచ్చే సబ్బును శీతలపానీయం సీసాలలో పోసి ఉంచకండి. పిల్లవాడు పొరపాటున తాగితే వాంతి చేయించకూడదు. నోరు కడిగించి, డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

చివరిగా, మెషిన్ వదిలిన నీరు ఎక్కడికి పోతున్నదో చూడండి. పెరట్లో మడుగు కట్టే మురుగు నీటిలో బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ గుడ్లు పెడుతుంది. గోదావరి జిల్లాలకు ఆ జబ్బు కొత్త కాదు. జాడింపుకు పట్టి బకెట్లలో వదిలేసిన మంచినీటిలో డెంగీ దోమ పుడుతుంది. మురుగును కాలువలో కలిసేటట్టు చేయండి, బకెట్లు బోర్లించండి.

మెషిన్ మన చేతుల శ్రమను తగ్గించింది, సంతోషమే. కాని ఉబ్బ చేసే పని దానికి అప్పగించలేదు. ఆ వేడిని, ఆ ఎండను మనమే చూడాలి. ఈ ఆదివారం మొదటి పనిగా మూత ఎత్తి వాసన చూడండి. తామర ఉన్నవారి బట్టలకు ఈ రోజునుంచే వేరే బుట్ట పెట్టండి.